ఇంకా ఏడు

సాల్మియాలో మందులంగడి. ఏసీ చలికి
స్కార్ఫు చెవులదాకా లాక్కున్నా.
బయట కారులో మేడమ్, హారన్ మీద చెయ్యి.

డాక్టరు చీటీల్లో ఐదు పేర్లు.
నాలుగు డబ్బాలు గబగబా కట్టిన మలయాళీ పిల్లోడు
ఐదోదాని దగ్గర ఆగినాడు.
ఓబులమ్మ ఎవరు?
నేనే. పిల్లోళ్ళను చూసుకోను జాంజిబార్ పోతాండా.

కడుపుతో ఉండావా?
మూత్రపిండాల జబ్బేమన్నా?
ఇంకే మాత్రలు మింగుతాండావు?

ఈ దేశమొచ్చి తొమ్మిదేండ్లు.
నా ఒంటిని గురించి ఇన్ని మాటలు
ఎవురూ అడగలా.
హారన్ ఇంకోసారి మోగినా కదల్లేదు నేను.

చదువు రాదంటే పెన్ను తీసి
డబ్బా మీద రెండు విమానాలు గీసినాడు.
ఎగిరేదానికి ముందు రెండు గీతలు,
దిగినదాని తర్వాత ఏడు.
ఇంటికొచ్చినాక ఎందుకబ్బా?
దోమ ఆడే ఉండిపోతాది,
అది నీలో వదిలింది నీతోనే విమానమెక్కుతాది.

రోజూ రాత్రి తొమ్మిదికి, తిండి మింద, పాలతో.
ఒక రాత్రి బదర్ తిన్న రొయ్యలన్నీ కక్కినాడు.
గడియారం చూస్తే నలభై నిమిషాలు.
గంట లోపలైతే మళ్ళీ ఇయ్యమన్నాడు, అందుకే ఒకటి ఎక్కువ కట్టినాడు.
మాత్ర ఉంది గదా అని దోమతెర మరవలా,
నాలుగు మూలలూ పరుపు కింద దోపినా.

కువైట్ ఎయిర్‌పోర్టులో మేడమ్
తన మాత్రల అట్ట చెత్తబుట్టలో వేసింది.
ఖలాస్, ఓబీ!

మా ఆయనా ఇదే మాటన్నాడు, తెలుగులో.
మారేడుమిల్లి రోడ్డు పనిలో తగులుకున్న చలిజెరం,
మూడోనాటికి దిగింది గదా, ఇంకెందుకన్నాడు.
దినాలయినాక
దూలం సందులో దొరికింది మిగిలిన పొట్లం.

బుట్టలో చెయ్యిపెట్టి తీసినా. నలుగురూ చూసినారు. చూడనీ.

ఆ రాత్రి తొమ్మిదికి బదర్, మునీరా
వంటింట్లో నోళ్ళు తెరుచుకోని నిలబడినారు.
నీళ్ళకొచ్చిన మేడమ్ ఏమీ అనలా.
పాలగిన్నె పక్కన
అరచెయ్యి చాపింది.

ఏడో గీత కొట్టేసినా డబ్బా పారెయ్యలా.
నెలలు గడిచినాకైనా జెరమొస్తే
ముందు ఆ మాటే చెప్పమన్నాడు పిల్లోడు.
అంట్లు తోముతా, అరబ్బీలో
నాకు నేనే వల్లించుకుంటాండా:
కుంతు ఫీ జింజిబార్.
జాంజిబార్ పోయొచ్చినా నేను.