ఏడో ముక్క

రస్ అల్ ఖైమాల, సముద్రానికి రెండు గల్లీల ఇవతల
కొత్త విల్లా. ఇంకా బూడిదరంగు బ్లాకుల గోడలే.
వెనక ప్రహరీ మీద మూరెడు మూరెడు చొప్పున
ఆరు గిలాబు ముక్కలు పెట్టిన, చూసి ఎంచుకోమని.

మొదటిది నున్నగ, అద్దం తీరు.
వెంట్రుకంత పగులొచ్చినా ఇది దాచదని ముందే చెప్పిన.
రెండోది స్ప్రే కొట్టింది, పనసకాయ తోలు.
మూడోది దువ్వెనతోని దువ్వినట్టు గీతలది,
దుమ్ముకు మెట్లు కట్టి ఇచ్చినట్టే.
నాలుగోదాంట్ల గవ్వపొడి. ఐదోది జిప్సం, లోపలి అర్రలకు.
ఆరోది ఇంజనీరు హోస్నీ సాబ్‌కు ఇష్టం,
ఇటలీ డబ్బాలకెళ్ళి తీసింది. కిలో ధర విన్నంక
నా కర్ని నా చేతుల్నే బరువైంది.

నా పేరు ఎల్లేశం. ఇక్కడ సగం పిలిచి ఆపుతరు.
"యల్లా!" అంటే అది పేరో తొందరో
పదకొండేండ్లాయె, నాకింకా తెల్వది.

ఇంటామె పేరు మౌజా. బడిల పెద్దమేడంగ చేసి రిటైరైందట.
పొద్దుగాల వచ్చింది, ఎండ పక్కకెళ్ళి పడుతున్నప్పుడు.
నడిపొద్దుల వచ్చింది, నీడ గోడ కాళ్ళకింద దూరినప్పుడు.
రాత్రి కారు లైట్లు వేసి చూసింది.
తెల్లారి పైపుతోని తడిపి చూసింది.
కొడుకు తెల్లదే అన్నడు. కోడలు ఫోన్ల ఇంకేదో చూపెట్టింది.
మనుమడు మూడోదానికి మోచెయ్యి గీకించుకొని
ఏడ్చి, దాన్ని లెక్కలకెళ్ళి తీసేసిండు.

తొమ్మిది రోజులు.
గోడ మీది పిల్లి అంటరు గదా. ఇక్కడ పిల్లి లేదు,
గోడే ఎటూ దూకకుంట నిలబడ్డది.

నన్నడిగితే చెప్పేటోన్ని:
ఉప్పు కిందికెళ్ళి ఎక్కుతదమ్మా, రంగు కాదు
గోడకు ఊపిరాడేది చూడు అని.
అడగలే. అడగనోళ్ళకు చెప్పుకుంట కూసుంటే
తట్టల మాల్ గడ్డకడ్తది.

పదో రోజు ఆమె ఆరింటినీ దాటి పోయింది.
కొసకు, నల్లా పక్కన ఆగింది.
అరచెయ్యి ఆనిచ్చి కండ్లు మూసింది.
"ఇది."

హోస్నీ సాబ్ పుస్తకం తిరగేసిండు. నేను నవ్వాపుకున్న.
అది ముక్కనే కాదు. పని దిగెటప్పుడు
కర్నికి మిగిలింది నేను తుడిచే జాగ.
ఒకనాటి సున్నం మీద ఇంకోనాటి ఇసుక.
ఆకలైనప్పుడు గుంజిన గీత,
బస్సు హారన్ ఇని వంకర తిరిగిన గీత,
జీతం రాని గురువారం గట్టిగ రాకింది.
"దీని నంబరెంత?" అన్నడు సాబ్.
వేళ్ళు ముడిచి లెక్కపెట్టి, ఏడన్న.

"చిన్నప్పటి మా ఇల్లు సముద్రపు రాయిది," అన్నది ఆమె
విరిగిన హిందీల, ఆగి ఆగి.
"గోడ ఇట్లనే ఉండేది. ఎవరో పనోడు రుద్ది పోయిండు.
వాని పేరు మా ఇంట్ల ఎవరికీ యాదికి లేదు."

ఇగ మూడువందల ఎనభై మీటర్లు
మనసు పెట్టకుంట రుద్దాలె నేను.

మొదటి రోజు సాపుగ వచ్చింది, సుతారోని చెయ్యాయె.
ఆమె తల అడ్డం ఊపింది, చెక్కేసినం.
రెండో రోజు కావాలని వంకర చేసిన.
అబద్ధం రోడ్డు మీదికెళ్ళే కనిపించింది.
మాల్ అందించుకుంట గుల్ రహ్మాన్ నవ్విండు:
"ఉస్తాద్, నీ చెయ్యి నీకే దొరుకుతలేదు."

అప్పటిసంది ఇట్ల చేస్తున్న.
పొద్దంత వేరే పని. పొద్దూకి
భుజం గుంజంగ, మనసు నాకన్న ముందు
బస్సు ఎక్కి కూసున్నంక
ఈ గోడ కాడ నిలబడత. ఒక్క గంట.
రోజుకు పది మీటర్లు దాటదు. సాబ్‌కు మంట.

ఆమె కుర్చీ వేయించుకొని చూస్తది. చాయ్ పంపుతది.
యల్లా అనదు.
నిన్న నా పూర్తి పేరు అడిగింది,
రెండుసార్లు నోట్లనే తడిమి చూసుకున్నది.

ఉత్తరం దిక్కు ఇంకా మిగిలే ఉన్నది.
బస్సు వచ్చే యాళ్లాయె.