పొయ్యి నోరు

"ఇదొక్కటీ పీకెయ్ డాక్టరమ్మా,
ఊగతా ఉండాది, ముద్ద నమలనియ్యదు."
తలకి చుట్టిన తువ్వాలు విప్పకుండానే
కుర్చీలో కూలబడ్డాడు మాలకొండయ్య.
ఒంటి నిండా పొగాకు వాసన,
చొక్కా జేబులో ఒంగోలు ఆసుపత్రి కాయితాలు.

పన్ను ముట్టుకోకముందు కాయితాలు చదివాను.
మూడు నెలల షుగరు తొమ్మిదిన్నర.
బిళ్ళలు రెండుసార్లు పెంచారు, అది దిగలేదు.
మోకాళ్ళ వాపుకొక చీటీ, నీరసానికొక చీటీ.
నోటి గురించి ఏ చీటీలోనూ అక్షరం లేదు.

సన్నటి కొలతకడ్డీ చిగురు పక్కన దించాను.
మూడు గీతలు దాటకూడదు.
ఆరు. ఏడు. ఆరు. మళ్ళీ ఏడు.
కడ్డీ తీసిన ప్రతిచోటా ఎర్రగా ఊట.
"నొప్పి లేదా?"
"నొప్పేంది? పుల్లేసినప్పుడు నెత్తురు పడద్ది, అంతే.
మా నాయనకీ పడేది."

చెయ్యి చాపమన్నాను.
నిప్పు కాల్చిన మచ్చలు, కట్టెపేడు గీసిన గీతలు.
"నీ పళ్ళ చుట్టూ దాక్కున్న పుండంతా విప్పి పరిస్తే
ఇదిగో, ఇంచుమించు ఈ అరచెయ్యంత.
ఇంత పుండు కాలిమీద ఉంటే
ఒక్క రాత్రి ఊరుకుంటావా?"

అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు,
దారిలో ఎవరిదో వస్తువు దొరికినట్టు.

చీటీ వెనక బొమ్మ గీశాను.
పన్ను, చిగురు, చిగురులో నెత్తుటి దారులు,
అక్కణ్ణుంచి గుండెకీ కీళ్ళకీ బాణాలు.
చెప్పుకుపోతున్నాను,
పుండులోని క్రిములు నెత్తురులో పడతాయనీ
వాటిమీదికి ఒళ్ళు పంపే మంట వాటితోనే ఆగదనీ
ఆ మంటలో ఇన్సులిన్ మాట కణాలు వినిపించుకోవనీ
షుగరు పెరిగితే మళ్ళీ చిగుళ్ళే చివుకుతాయనీ...

సగంలో నా పెన్ను లాక్కున్నాడు.

నా బొమ్మ పక్కన నాలుగు గోడలు గీశాడు.
కింద పొయ్యి. పొయ్యి నోట్లోంచి లోపలంతా తిరిగే రేకు గొట్టం.
పైన వరస మీద వరస, కర్రలకి కట్టిన ఆకు.
"ముప్పై ఏళ్ళు బ్యారన్ కాల్చినోణ్ణి, నాకు చెప్తావా?
మంట పెట్టేది బయట, నోటికాడ.
ఎండేది అదిగో, ఆ పై వరస.
గొట్టం కీలు కాడ రవ్వంత చిల్లు పడ్డాదనుకో,
తెల్లారేతలికి గోడలే మిగుల్తయ్యి."
పెన్ను కొనతో నా పన్ను బొమ్మ మీద కొట్టి
"చిల్లు ఈడుండాది," అన్నాడు.

అయిదేళ్ళు చదివి గీసిన బాణాలు చిన్నబోయాయి.
ఒంటిని జిల్లాలుగా కోసింది మా చదువులే,
పళ్ళు ఒకరివి, గుండె ఒకరిది, షుగరు ఇంకొకరిది.
మా కందుకూరుని ఏ జిల్లాలో కలిపినా
మన్నేరు ఎప్పుడు కాయితం చూసుకుని పారింది గనక!

నాలుగు పూటలు పట్టింది గార తీయడానికి.
ఆ పన్ను దక్కలేదు.
చుట్ట మానమంటే మాత్రం
కిటికీ వైపు చూశాడు.

మూడు నెలలకి తొమ్మిదిన్నర, తొమ్మిదికి కాస్త కిందికొచ్చింది.
నా చేతి చలవేనని చెప్పను.
బిళ్ళలూ మింగాడు, పొద్దున్నే కాలవ గట్టు మీద నడిచాడు.
"అయితే నా గుండెకి ఢోకా లేనట్టేనా?" అనడిగాడు.
హామీ ఇవ్వలేదు.
ఒక చిల్లు పూడ్చాం, అంతవరకే తెలుసు.

మార్చిలో ఒక రాత్రి, ఊరిబయట, అతని బ్యారన్ దగ్గర.
గోడలోని అద్దం ముక్కకి కన్ను ఆనించి
లోపల వేడి ఎంతుందో చూశాడు.
పొయ్యిలోకి ఒక తుమ్మ మొద్దు తోశాడు.
బ్రష్షు జేబులోంచే తీశాడు, బీడీకట్ట తీసినట్టు.
తోముకుని, పుక్కిలించి, దోసిట్లోకి ఉమిశాడు.

పొయ్యి వెలుగులో నీళ్ళు కూడా ఎర్రగానే కనబడతాయట.
దోసిలి ఒలక్కుండా
చీకట్లోకి నాలుగడుగులు జరిగి
"ఫోను లైటెయ్యమ్మా," అన్నాడు.