వెనకడుగు

డలూత్ ఆసుపత్రి బేస్‌మెంట్‌లో
ఎక్స్‌రే గదికి కిటికీలుండవు.
బయట సరస్సు గడ్డకట్టిన సంగతి
వచ్చేవాళ్ల బూట్ల తడి చూసి తెలుసుకుంటాను.

రాత్రి పదకొండింటికి వచ్చాడు
లైల్ రాంటాలా, యాభై మూడేళ్లు,
ఎడమ తుంటి నొప్పి.
"ఇదివరకేమైనా విరిగాయా?" అనడిగాను,
ఫారంలో అడగమని ఉంది కనక.
"ఇంకో కాగితం తెచ్చుకో" అన్నాడు,
ముందరి నాలుగు పళ్లూ ఇంట్లో మర్చిపోయి వచ్చిన నవ్వుతో.

పాత బొమ్మలు తెరమీదికి ఒక్కొక్కటే వచ్చాయి.
విరిగి అతికినచోట ఎముక
కాస్త ఎక్కువే పోసుకుంటుంది,
నమ్మకం చాలని మేస్త్రీ
పగులు మీద రెండుసార్లు పూసిన సిమెంటులా.

కుడి చీలమండ:
గంటకి తొంభై మైళ్ల మీద వస్తున్న రబ్బరు బిళ్లకి
కాలు అడ్డం పెట్టాడు.
ఎందుకు పెట్టారన్నాను.
"గోలీకి కనపళ్లేదు మరి" అన్నాడు,
కొట్టు మూసేశారు, పాలు తేలేదన్నంత మామూలుగా.

నాకీ ఆట తెలీదు.
నా చిన్నప్పటి ఐసు
నిమ్మసోడా బండి కింద ఊకలో పడుకునేది
గోనెసంచి కప్పుకుని.
దానిమీద మనుషులు
కత్తులు కట్టుకుని తిరుగుతారని ఎవరు చెప్పారు?

పడుకున్నచోటినుంచే పాఠం చెప్పాడు.
డిఫెన్స్‌మన్ అంటే
మీదికొచ్చేవాణ్ణి చూస్తూ వెనక్కి జారేవాడు.
బిళ్లని చూడకూడదు, అది మాయలాడి.
కళ్లనీ చూడకూడదు.
ఛాతీ చూడాలి.
ఛాతీ ఎటు తిరిగితే మనిషి అటే పోతాడు.
ఎవెలెత్‌లో, ఇనుప గని షిఫ్టు దిగి
ఎర్రదుమ్ము కడుక్కోకుండానే
గడ్డకట్టిన గుంట మీద
వాళ్ల నాన్న నేర్పిన ముక్క అది.

పదమూడు సీజన్లు, తొమ్మిది ఊళ్లు.
పెద్ద లీగులో నలభై ఒక్క ఆటలు.
మిగతాదంతా బస్సు.
బస్సు నడవాలో దుప్పటి పరుచుకుని
పక్కవాడి బూట్లు తలగడ.
గోల్స్ ఎన్నన్నాను.
"మూడు.
మా వలలోకే తోసిందీ లెక్కేస్తే నాలుగు."

పియోరియాలో ఒక రాత్రి
ఎవణ్ణో పడదోసినందుకు రెండు నిమిషాల శిక్ష.
గాజుపెట్టెలో కూర్చుని ఉండగా
అవతలినుంచి ట్రెయినర్
ఖాళీ చేతులతో ఊయల ఊపి చూపించాడు.
కూతురు.
తువ్వాల్లో మొహం పెట్టుకున్నాడు.
ఇంకా నలభై సెకన్లున్నాయి.
"ఆ నలభై ఎవరైనా తగ్గిస్తారేమోనని చూశా" అన్నాడు.
కదలొద్దన్నాను, బొమ్మ చెదురుతుంది.

చివరి ఆట చివరిదని ఆరోజు తెలీదట.
జూలైలో ఫోను మోగలేదు.
ఆగస్టులోనూ మోగలేదు.
సెప్టెంబర్లో కౌంటీవాళ్లు పిలిచి
మంచు తోసే లారీ తాళాలిచ్చారు.
ఊరందరిలోకీ తనలా రివర్సు చేసేవాడు లేడని
అప్పుడొక్కసారే గొప్ప చెప్పుకున్నాడు.

తెర మీద తుంటి కీలు:
బంతికీ గిన్నెకీ మధ్య
ఉండాల్సిన నల్లటి సందు లేదు.
ఎముక ఎముకనే తొక్కుతోంది.
ఆ మాట డాక్టరు చెప్పాలి, నేను కాదు.
నేను అతని బెల్టు అందించాను.

మా భాషలో ధీరుణ్ణి
వెనకడుగు వేయనివాడంటాం.
అది చెబుదామని నోరు తెరిచి
ఇంగ్లీషులో ఎలా అనాలో వెతుకుతూ
మధ్యలో ఆగిపోయాను.

మెట్లు వెనక్కి దిగితే నొప్పి తక్కువట.
కుంటుతూ కారిడార్లోకి వెళ్లాడు.
మలుపులోంచి ఒక కుర్రాడు
స్ట్రెచర్ తోసుకుంటూ పరుగున వచ్చాడు.
రాంటాలా కంగారుపడలేదు.
వాడి ఛాతీ మీదే చూపు నిలిపి
ఒకటి, ఇంకొకటి,
చిన్నగా
వెనక్కి.