ఒక్క వత్తు

మిల్లు మూతబడి నాలుగు నెలలు.
నా ఒంటికి ఆ సంగతి ఇంకా ఎవలూ చెప్పలె.
తెల్లారగట్ల నాలుగు నలభైకి
దిగ్గున లేసి కూసుంటది,
టిఫిన్ డబ్బా కోసం చీకట్ల చెయ్యి చాపుతది.
డబ్బాల ఇప్పుడు గుండీలు, సూదులు,
మడతబెట్టిన కరెంటు బిల్లు.

పందొమ్మిదేండ్లు వైండింగ్ సెక్షన్ల
తెగిన దారాన్ని అతికిన.
చూపుడువేలు, బొటనవేలు, ఒక మెలిక.
మూడు లెక్కబెట్టేలోపల ముడి.
జహీరా అయితే రెండే.
సూపర్‌వైజర్ గడియారం పట్టుకోని చూసేటోడు,
ఆమె చేతులను కాదు, నన్ను.

గేటుకు అంటించిన కాయితం ఇంగ్లీషుల ఉండె.
డిప్లొమా పిల్లగాడు పైకెల్లి కిందిదాంక చదివి
"ఇగ రావద్దట" అన్నడు.
గంత పొడుగు కాయితంల
గంత చిన్న మాట ఏ మూలకున్నదో.

పీఎఫ్ పైసలొస్తయన్నరు.
నెలనెలా నా జీతంలకెళ్లి కోసినయే, నావే.
మీసేవల పిల్ల తెర దిక్కు చూసుకుంట చెప్పింది:
"ఆధార్ల కొమురక్క.
పీఎఫ్‌ల కొమురక.
మ్యాచ్ అయితలేదు ఆంటీ."
ఇంగ్లీషుల ఒక 'కే' తక్కువ పడ్డదట.
మన తెలుగుల అయితే
ఒక్క వత్తు.

ఎవలో, ఏ బల్లకాడనో, అన్నం యాళ్లకు తొందరపడి
నా పేర్లకెళ్లి అక్కను తీసేసిండు.
ఇన్నేండ్లు ఆ కొమురక ఎవతో
నా రెక్కల కష్టం దాసుకున్నది.
ఇప్పుడు ఎదురుంగ నిలబడితే
నన్ను గుర్తుపడ్తలేదు.

అఫిడవిట్ అన్నరు. నోటరీకి రెండొందలు.
మేనేజరు సంతకం అన్నరు.
ఆయన కోయంబత్తూరుల ఉన్నడట.
ఫోన్ చేస్తే ఒక ఆడమనిషి
నాకు రాని భాషల
ఎప్పుడూ అదే మాట, అదే తియ్యగ.

కిరాణం సాంబయ్య పుస్తకంల మాత్రం
నా పేరు ఎన్నడూ తప్పు పోలె.
కొమురక్క, వత్తుతోని,
పక్కన నాలుగు వేల ఆరువందలు.

పొద్దుగాల ఎనుమాముల పోతున్న.
మిర్చికాయల తొడిమెలు తీసే పని, కిలోకింత.
జహీరా తన కొంగు పరిచి నాకు జాగ ఆపుతది.
దూది తుమ్ములు పోయి మిర్చి తుమ్ములొచ్చినయి,
"ప్రమోషనే గదా" అని నవ్వుతది.
ఇంటికొచ్చి సబ్బుతోని మూడుసార్లు కడిగినా
కన్ను తుడుసుకోవాలంటే భయం.
అందుకే ఏడుస్తలేను,
ధైర్యమేం కాదు.

హన్మకొండ ఆఫీసుల వేలు పెట్టమన్నరు.
ఎర్రలైటు.
చీరెకు తుడిచి పెట్టిన. ఎర్రలైటు.
వేలు మార్చి పెట్టిన.
"నీకు గీతలే లేవమ్మా" అన్నడు,
జబ్బు కనిపెట్టిన డాక్టరు లెక్క.
ఉండె సారూ.
యాడికి పోయినయో నాకెరుకే.
దారం ఎంబడి కోన్లకు చుట్టుకోని పోయినయి.
ఏ ఊళ్లనో ఎవలో తొడుక్కున్న అంగిల
ఈపు మీద ఉంటయి.
ఆడ పెట్టు నీ మిషన్.

రాత్రి బిడ్డ ఫోన్ చూసి చెప్తది:
"అండర్ ప్రాసెస్ అమ్మా."
అంటే ఏందే?
"పని నడుస్తున్నదని."
మంచిదే.
మా ఇంట్ల ఒక్కదానికన్న
పని ఉన్నది.

మొన్న ఆయితారం మిల్లు దిక్కుకెళ్లి వచ్చిన.
లోపల చింతచెట్టు ఇరగగాసింది.
వాచ్‌మెన్ ఓదెలుకు సగం జీతమట,
అదీ రెండు నెలలసంది లేదట.
ఎవలు పొమ్మనలేదు, అందుకే ఉన్న అన్నడు.
గేటు సందులకెళ్లి ఇన్ని చింతకాయలిచ్చిండు.
రిజిస్టర్ల రాయలె.

నిన్న కరెంటు పోయింది.
బిడ్డ జాకెట్ కుట్టు ఊడితే వేస్తున్న,
దారం తెగింది.
చీకట్లనే కొసలు రెండు దొరకబట్టిన.
ఒకటి.
రెండు.
మూడనకముందే ముడి పడ్డది.

పొద్దుగాల జహీరాకు చెప్పాలె.