ఒంటిచేతి స్వెట్టర్

ఎనిమిదో భాగం చివర ఆ పిల్ల
దీపస్తంభం తలుపు మీద చెయ్యి వేసింది.
లోపల ఎవరో దగ్గారు.
అంతే, తెర నల్లబడింది.
పేర్లు పైకి పాకాయి.
వాటిలో అరక్షణం పాటు
అల్లికలు: సెలీనా టిజార్డ్.

ఆ అరక్షణాన్ని ఆపి
ఊరంతా ఫోన్లలో ఫోటో తీసుకుంది.
ఊరంటే ఎంత,
న్యూఫౌండ్‌లాండ్ ఉత్తరపు అంచున
అరవై రెండు గడపలు, ఒక చర్చి,
ఆదివారం మూసుండే పెట్రోలు బంకు.

పద్దెనిమిది స్వెట్టర్లు అల్లింది సెలీనా.
బూడిద రంగు, మెడ చుట్టూ తాళ్ళ ముడులు.
మునిగిపోయినవాడికి, వాడి తమ్ముడికి,
తడిస్తే మార్చడానికి మనిషికి మూడేసి.
"రెండో సీజన్‌వి ఇప్పుడే మొదలుపెట్టండి,
మునిగినవాడు తిరిగొస్తాడు, ఎవరికీ చెప్పకండి"
అంది టొరంటో నుంచి వచ్చిన బట్టల అమ్మాయి.
చెప్పలేదు,
పక్కింటి మడ్జ్‌కి తప్ప.

ఫిబ్రవరిలో ఈమెయిలొచ్చింది.
ఎవరో ఎవరికో రాసింది
మెట్టు మెట్టూ జారి ఇక్కడిదాకా దొర్లింది.
ఈ ప్రయాణంలో మీరూ భాగమైనందుకు కృతజ్ఞతలట.
చివరిదాకా చూసినవాళ్ళు చాలలేదట.
ముప్పై రోజుల్లో లెక్క తేల్చేశారట.
ముప్పై రోజులు!
ఇక్కడి పొగమంచులో
ఉప్పుచేప ఎండడానికి కూడా చాలవు.

సగంలో ఆపినవాళ్ళ మీద కోపంతో
సగంలో ఆపేశారన్నమాట.
మడ్జ్ అయితే విరిగిన కాలు అతుక్కున్నాక
మొత్తం ఒక్క బిగిన చూద్దామని దాచుకుంది.
ఆవిడ ఏ లెక్కలోకీ రాలేదు.
"అంటే, దాన్ని చంపింది నేనేనా?"
అని అడిగింది, నిజంగానే.

కథ కంచికి, మనం ఇంటికి అందామంటే
ఇల్లు కదిలిందెవరు?
అందరం సోఫాల్లోనే ఉన్నాం.
వెళ్ళాల్సిన కథనే
నడిదారిలో దింపేసి పోయింది బండి.

లియాండర్ మాత్రం నవ్వాడు.
మునిగినవాడి వేషం అతనిదే,
మాటల్లేవు, తేలడమే.
"తొంభై రెండులో కాడ్ వేట ఆపినప్పుడూ అంతే,
రెండేళ్ళే అన్నారు.
ముప్పై ఏళ్ళైనా ఆ రెండేళ్ళు తెమల్లేదు.
కానీ అప్పుడు టీవీలో
ఒక మంత్రి మొహమైనా కనిపించింది,
తిట్టుకోవడానికి."

ఏప్రిల్‌లో దీపస్తంభాన్ని విప్పడానికి లారీ వచ్చింది.
అంతా ప్లైవుడ్. వెనకవైపు రంగు కూడా లేదు.
తలుపు తీస్తే అటు
గాలి, రాయి, కింద నీళ్ళు.
దగ్గినవాడెవడో అక్కడ లేడు.
రాసినవాళ్ళకి తెలుసేమో
వాడు తండ్రో, దొంగో, దయ్యమో.
వాళ్ళిప్పుడు వేరే కథలు రాస్తూ ఉంటారు,
వాటికీ నెల గడువే.

తలుపొక్కటి అడిగి తెచ్చుకున్నాడు లియాండర్.
కట్టెల కొట్టానికి బిగించాడు.
కొంచెం పొడుగైంది, కింద కోశాడు.

స్వెట్టరు సూదుల మీదే ఉంది,
ఒక చెయ్యి పూర్తయి, రెండోది మోచేతి దాకా.
విప్పేస్తే మనవడికి టోపీ, చేతిజోళ్ళు వస్తాయి.
రోజూ విప్పుదామనుకుంటుంది.
ఒక వరస అల్లి పక్కన పెడుతుంది.

నిన్న పొయ్యిలోకి కట్టెల కోసం వెళ్ళి
సెలీనా ఆ తలుపు మీద చెయ్యి వేసింది.
లోపల ఎవరో దగ్గారు.
చెయ్యి తీయలేదు, తోయలేదు,
గాలి చెవుల్లో హోరెత్తుతుంటే
అలాగే నిలబడింది కాసేపు.
తరవాత అరిచింది:
"లియాండర్! ఆ దగ్గు
రేపైనా డాక్టర్‌కి చూపించుకో!"