పిక్కకి ఒక పాయింటు

ఆరింటికి పలాస పాసింజరు కూత వినపడగానే
దండాసి కొట్టు షట్టరు సగం లేస్తుంది.
వంగి లోపలికెళ్తాను.
ఫ్రిజ్జులో కూల్‌డ్రింకుల వెనక, పెరుగు పాకెట్ల పక్కన
మా పిక్క మందు సీసా.
"పిల్లికి సుగరేటే అమ్మీ" అని మొదటి వారం నవ్వాడు.
ఇప్పుడు నాకు ఆలస్యమైతే తనే కేకేస్తాడు.

నవ్వినోళ్ళని తప్పు పట్టను. నాకూ తెలీదు.
గిన్నెడు నీళ్ళు తాగి ఖాళీ గిన్నె నాకేది.
బియ్యం బస్తా పక్కన ఎప్పుడూ తడే.
ఎండలనుకున్నాను.
తర్వాత గోడ దూకడం మానేసింది,
వెనక కాళ్ళు మడమల దాకా నేలకాన్చి
పెద్ద సైజు చెప్పులీడ్చినట్టు నడిచింది.

కాశీబుగ్గ పశువుల డాక్టరు, కుర్రాడు,
ఆవుల లైను ఆపి దాన్ని బల్లెక్కించి
ఎవరికో ఫోను చేసి, మళ్ళీ చేసి,
చీటీ రాసాడు: పూటకి ఒక పాయింటు.
పన్నెండు గంటలకోసారి.
ముందు తిండి, తర్వాతే సూది.
అన్నం వద్దు, పాలు వద్దు.
పాలు అన్న మాట దగ్గర
పిక్క నా వైపు చూసిందని ఒట్టేసి చెప్పగలను.

సీసా ఊపకూడదు.
అరచేతుల మధ్య దొర్లించాలి,
నిద్రలో ఉన్న గుంటని లేపినట్టు.
మా అత్త అసిరమ్మ చెవి వెనక సెల్లు లైటు పెడుతుంది.
తమలపాకులో ఈనెలా ఎర్రగా నరం.
అంచున చిన్న పోటు.
ఆవగింజంత రక్తం.
సూదులు వేరు గానీ అత్తకీ అదే మీటరు.
పిల్లి కంటే ముందు ఆవిడ చేయించుకోదు.
"దానికెంతొచ్చిందే?"
"మూడొందల పది."
"నాది తక్కువే" అని
గెలిచినట్టు వేలు చాపుతుంది.

నా వేళ్ళ సంగతి చెప్పాలి.
పదకొండేళ్ళు జీడిపిక్కలు కొట్టాను.
ఆ నూనె తిని తిని గీతలు పోయాయి.
రేషను డిపోలో మిషను మీద
వేలు మార్చి వేలు పెడతాను,
నువ్వు నువ్వు కాదంటుంది.
పిక్క మాత్రం చీకట్లోనైనా
ఈ నున్నటి వేలు మెడ మీద పడగానే
కదలకుండా నిలబడుతుంది.
చర్మం గుడారంలా లేపి, సూది అడుగున దించి,
ఒక పాయింటు.
గుండు విరగకుండా పప్పు తీసే చేతులివి.
అయినా వణుకుతాయి.

ఫ్యాక్టరీ లెక్కల పుస్తకంలో
ఎడమ పేజీ కిలోలు, కుడి పేజీ పిక్క అంకెలు.
ఓసారి మేస్త్రి గురునాథం తప్పు పేజీ చదివి
"ఒక్క పూటకి రెండొందల ఎనభై కిలోలా!" అని
కళ్ళు తేలేసాడు.

తుపాను రాత్రి కరెంటు పోయింది.
చేపలు రాలేదు, కోడిగుడ్డు సగం తిని వదిలేసింది.
నేను చూసుకోలేదు. మందు మొత్తం ఇచ్చేసాను.
పదింటికి తూలుతూ గోడలోకి నడుస్తోంది.
పిలిస్తే చెవి తిప్పలేదు.
మీటరు నలభై ఒకటి.

మూడు నెలలుగా ఆ ఇంట్లో తీపి దాచాను,
డబ్బాలో డబ్బా పెట్టి, అటక మీద.
ఎడమ మూల, నూకల కింద, అంది అత్త
తడుముకోకుండా.
ఆవిడకెలా తెలుసో అప్పుడడగలేదు.
బెల్లం నీళ్ళలో నలిపి దాని చిగుళ్ళకి రాసాను.
రాసాను. రాస్తూనే ఉన్నాను.
ఎంతసేపటికో
వేలు పట్టి కొరికింది, గట్టిగా.
"కరిసిందా?" చీకట్లోంచి అత్త.
"కరిసింది."
"ఇంకేటి, బతికింది."

మర్నాడు పాసింజరు లేదు.
ఏడింటికి దండాసే వచ్చాడు, మోకాలి లోతు నీళ్ళలో,
చేపల ఐసుకి తగలకుండా
సీసాకి తువ్వాలు చుట్టుకుని.
ఈ పూట ఇవ్వకూడదు, చీటీ వెనక రాసుంది, అన్నాను.
పోనీలే, అని గుమ్మంలో కూర్చున్నాడు టీకి.
పిక్క మా ముగ్గురికీ వీపు తిప్పేసింది.

వేలి మీద రెండు పళ్ళ గాట్లు.
ఈ నెల రేషను మిషనుకి ఆ వేలే పెడతాను.
ఏమంటుందో.