ఇండికేటర్ లేని బండి

ఉమ్మల్ కువైన్ దాటినంక, ఒంటెల కంచె పక్కపొంటి
రెండు కిలోమీటర్ల తారు, జిలేబి పోసినట్టు.
గేటు కాడ రసీదు చింపిచ్చినోడు అడిగిండు:
"ఇంతకుముందు తోలినవా?"
పదకొండేళ్ళు.
"ఏం బండి?"
స్కూలు బస్సు.
వాడు నవ్వలే. అదే నయం.

పరీక్షల నెల ఓవర్‌టైం మొత్తం
మూడు రౌండ్లకు కట్టిన.
రూమ్‌ల ఎవ్వలకు చెప్పలే.
గంగరాజంకు తెలిస్తే బియ్యం లెక్కలకు మారుస్తడు.

హెల్మెట్ల ఎవలదో చెమట, ఎవలదో అత్తరు.
ఆరు పట్టీల బెల్టు గుంజి కడితే
నా గుండె ఎంత చిన్న అర్రల కిరాయికుంటదో
అప్పుడు తెలిసింది.
బస్సుల నేను మేడ మీదోన్ని.
ఇక్కడ తారుకు చెవి ఆనిచ్చిన పిల్లగాన్ని.

పక్క సీటుల నేర్పెటోడు, సూడాన్ మనిషి, పేరు ముతాసిమ్,
వేలు ముందుకు చూపిండు.

అది పోవుడు గాదు.
వెనుకనుంచి ఎవడో నడుం మీద తన్నుడు.
కడుపు గేటు కాడనే దిగిపోయింది,
మిగిలినోన్ని పోతున్న.

ఎనభై దాటంగనే మెడ ముడుచుకున్న.
బస్సుల ఎనభైకి ఒక పిట్ట కూస్తది,
కూత ఆఫీసుదాంక పోతది, ఆఫీసునుంచి జీతందాంక.
తొంభై. నూటపది.
పిట్ట కూయలే.
నూటముప్పై.
నన్ను ఫోటో తియ్యని రోడ్డు
ఈ దేశంల ఒకటున్నదని
ఒక్కలన్న చెప్పిన్రా నాకు?

మొదటి మలుపు.
ఎడమచెయ్యి ఇండికేటర్ కోసం దేవులాడింది.
లేదు.
హెల్మెట్ల ముతాసిమ్ కండ్లు నవ్వినయ్.
ఇంకో సిగ్గుమాలిన సంగతి:
మలుపు తిరిగినంక అద్దంల తలకాయలు లెక్కబెట్టిన.
ముప్పై నాలుగు ఉండాలె.
లేచిన ఇసుక తప్ప ఎవ్వలు లేరు.

రెండో రౌండు.
బోర్డులు మీదికొస్తున్నయ్, నూటయాభై, నూరు,
"బ్రేక్!" అన్నడు.
ఇంకింత, అన్నది నా కాలు.
పదకొండేళ్ళు స్పీడ్ బ్రేకర్లకు దండం పెట్టిన కాలు,
ఎల్‌కేజీ పిల్ల నీళ్ళసీసా ఒలకకుండ
బ్రేకు మీద పిల్లి లెక్క వాలిన కాలు,
ఇంకింత, అన్నది.
యాభై కాడ తొక్కిన.
బెల్టు బొక్కలల్ల దిగింది.
వెనుక టైరు ఇసుక మీద జానెడు జారింది.
ఆ జానెడుల నాకు అప్పు లేదు, వీసా లేదు,
పేరు సుత లేదు.
మళ్ళ తారు దొరికింది. అన్నీ తిరిగొచ్చినయ్,
ఏదో ఒకటి తక్కువ.

మూడో రౌండు అడగొద్దు.
యాదికి లేదు.
అరిచిననట, గొంతు రెండు దినాలు గరగర.

దిగితే మోకాళ్ళు నీళ్ళు.
ముతాసిమ్ కరక్ చాయ్ తాపిండు,
కాగితం కప్పు గజగజ, సగం చాయ్ బూట్ల మీద.
"నీ గీత మంచిగున్నది" అన్నడు.
నేను నొసటిది అనుకున్న.
కాదట, మలుపుదట.
బయటనుంచి లోపలికి, లోపలనుంచి బయటికి
గాలిల వేలితోని గీసి చూపిండు.

తెల్లారి ఐదు పదికి బస్సు.
ఖాళీ రౌండబౌట్ కాడ, ముప్పైల,
ముప్పై అంటె ముప్పైయే,
బయటి అంచు ఇడిచి లోపలి అంచు తాకి
మళ్ళ బయటికి తేలిచ్చిన.
ఆయమ్మ శోశమ్మ కునుకు చెదరలే.
నాలుగో సీటుల ఇనాయా ఒక్కతే
పుస్తకాల సంచి పట్టుకొని ఇటు ఒరిగి, అటు ఒరిగి
"అంకుల్, ఫిర్ సే" అన్నది.

ఇండికేటర్ ఇంక కొట్టుకుంటనే ఉన్నది,
టిక్కు టిక్కు.
ఆపలే.